మీకు తెలుసా? ప్రసూతి జీతం ఖజానాది, జబ్బు జీతం యజమానిది

బ్రిటన్‌లో ఉద్యోగం చేసే మహిళ కాన్పుకు సెలవు పెడితే, నెలనెలా ఆమె ఖాతాలో పడే డబ్బు కంపెనీ పేరుతోనే వస్తుంది. పేస్లిప్ కూడా కంపెనీదే. కానీ చట్టం ఇమ్మన్న ఆ ప్రసూతి జీతంలో కనీసం 92 శాతం చివరికి భరించేది ప్రభుత్వ ఖజానా. అదే మనిషి జ్వరమొచ్చి పది రోజులు మంచాన పడితే ఇచ్చే సిక్ పే మాత్రం ఆఖరి పెన్నీ దాకా కంపెనీ జేబులోంచే పోతుంది. రెండూ ఒకే పేరోల్ విభాగం లెక్కగట్టేవే, రెండూ చట్టం తప్పనిసరి చేసినవే. వాటి వెనక ఉన్న సొమ్ము మాత్రం వేరు. మన ఊళ్ల నుంచి వెళ్లి అక్కడి ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, గిడ్డంగుల్లో పనిచేస్తున్న పిల్లలకు ఈ ఒక్క సంగతి తెలిస్తే సెలవు అడగడానికి ఉండే బెరుకు సగం తగ్గుతుంది.

చిన్న షాపుకి ఖర్చు ఉండదు, పైగా కొంత మిగులుతుంది

ప్రతి యజమానీ తన సిబ్బంది జీతాల్లోంచి ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పట్టుకుని, తన వాటా కలిపి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి కడుతూ ఉంటాడు. ఎవరికైనా ప్రసూతి జీతం ఇచ్చిన నెలలో, ఆ మొత్తంలో 92 శాతాన్ని తాను కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకుని మిగిలిందే కడతాడు. దానికి వేరే అర్జీ, ఆమోదం, తిరుగుడు ఏమీ ఉండవు. ఆన్‌లైన్‌లో ఒక నెలవారీ ఫారం నింపితే సరిపోతుంది.

అంతకుముందు పన్ను సంవత్సరంలో కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ 45,000 పౌండ్లు దాటని చిన్న సంస్థలకు నూటికి నూరూ తిరిగొస్తుంది. దాని మీద కొంత అదనంగా కూడా ఇస్తారు. 2025 ఏప్రిల్‌లో ఆ అదనాన్ని 8.5 శాతం చేశారు. ఆ రేటు లెక్కన నలుగురితో నడిచే కిరాణా షాపు, చిన్న రెస్టారెంటు కూడా 100 పౌండ్ల ప్రసూతి జీతం ఇస్తే 108 పౌండ్ల 50 పెన్స్ వెనక్కి తీసుకోవచ్చు. చేతిలో డబ్బు ఆడకపోతే ముందుగానే హెచ్ఎంఆర్‌సీని అడిగి సొమ్ము తెచ్చుకుని ఇవ్వచ్చు.

అందుకే "మాది చిన్న కంపెనీ అమ్మా, అంత ఇచ్చుకోలేం" అనే మాటకు అక్కడ చట్టంలో చోటు లేదు. ఆ మాట అనే యజమానుల్లో చాలామందికి ఈ వెసులుబాటు ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. తెలియకపోతే ఉద్యోగే చెప్పాలి, మర్యాదగానే చెప్పాలి.

జబ్బు జీతం కూడా ఒకప్పుడు ఖజానాదే

1911లో అప్పటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ తెచ్చిన నేషనల్ ఇన్సూరెన్స్ చట్టంతో బ్రిటన్ కార్మికులకు జబ్బు చేసినప్పుడు భృతి మొదలైంది. మగవాళ్లకు వారానికి 10 షిల్లింగులు, ఆడవాళ్లకు ఏడున్నర. కాన్పుకు ఒకేసారి 30 షిల్లింగులు. 1983 ఏప్రిల్ 6న ఆ పద్ధతి మారి, మొదటి ఎనిమిది వారాల జబ్బు జీతాన్ని యజమాని చేతుల మీదుగా ఇప్పించడం మొదలుపెట్టారు. అప్పట్లో యజమాని ఇచ్చిందంతా ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. 1986లో ఎనిమిది వారాలను 28 వారాలు చేశారు. 1991లో పెద్ద సంస్థలకు తిరిగిచ్చేది 80 శాతానికి తగ్గింది. 1994లో వాటికి పూర్తిగా ఆగిపోయింది. మిగిలిన కొద్దిపాటి సాయం కూడా 2014 ఏప్రిల్‌తో పోయింది. కోవిడ్ కాలంలో 250 మంది లోపు సిబ్బంది ఉన్న సంస్థలకు రెండు వారాల సొమ్ము తిరిగిచ్చారు గానీ, అది ఆ గండం గడిచేవరకే.

ఇలా భారం మెల్లమెల్లగా యజమాని మీదికి జరిగింది. జబ్బు సెలవు అనగానే మేనేజర్ల మొహం మాడిపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. ప్రసూతి జీతానికి ఆ గతి పట్టనివ్వకపోవడం మాత్రం బ్రిటన్ చేసిన మంచి పని.

రెండు రోజుల పనికీ జబ్బు జీతం

2026 ఏప్రిల్ 6 దాకా అక్కడి జబ్బు జీతానికి రెండు పెద్ద లోపాలుండేవి. మొదటి మూడు పని దినాలకు పైసా ఇచ్చేవారు కాదు. సగటున వారానికి 125 పౌండ్లు సంపాదించని వాళ్లకు అసలు హక్కే లేదు. ఈ రెండో నిబంధన దెబ్బ ఎవరికి తగిలేదంటే, వారానికి ఒకటి రెండు షిఫ్టులు చేసుకునే వాళ్లకు. అంటే చదువుకుంటూ పనిచేసే విద్యార్థులకు, పిల్లల్ని చూసుకుంటూ కాసేపు ఉద్యోగానికి వెళ్లే తల్లులకు.

2025 డిసెంబర్‌లో రాజముద్ర పడిన ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం ఆ రెండింటినీ తీసేసింది. ఇప్పుడు జబ్బు చేసిన మొదటి పని దినం నుంచే జీతం లెక్క. వారానికి 123 పౌండ్ల 25 పెన్స్ గానీ, సగటు సంపాదనలో 80 శాతం గానీ, ఏది తక్కువైతే అది ఇస్తారు. కేర్ హోములో శని, ఆదివారాలు మాత్రమే పనిచేసి వారానికి 100 పౌండ్లు తెచ్చుకునే అమ్మాయిని తీసుకోండి. ఆమెకు ఇదివరకు సున్నా. ఇప్పుడు వారానికి 80, అంటే రోజుకు 40 పౌండ్లు. శనివారం ఒక్కరోజు రాలేకపోయినా ఆ 40 ఇవ్వాల్సిందే. రెండు చోట్ల ఉద్యోగం చేస్తుంటే ఇద్దరు యజమానులూ విడివిడిగా ఇవ్వాలి.

ఏమైనా 123 పౌండ్లతో అక్కడ వారం గడవడం కష్టం. చట్టం గీసిన ఈ కనీసపు గీత మీద చాలా కంపెనీలు తమంతట తాము ఇంకాస్త కలిపి ఇస్తాయి. అది ఒప్పంద పత్రంలో ఉంటుంది. చేరేటప్పుడే చదువుకోవాలి.

డాక్టర్ చీటీ మొదటి రోజే అడగకూడదు

వారం రోజుల దాకా జబ్బుకు ఉద్యోగి మాటే సాక్ష్యం. ఏడు రోజులు దాటాకే ఫిట్ నోట్ అనే వైద్య పత్రం కావాలి. 2022 జులై నుంచి దాన్ని డాక్టరే కాదు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు కూడా రాసివ్వచ్చు. చీటీ ఆలస్యమైందన్న సాకుతో జబ్బు జీతం ఆపే హక్కు యజమానికి లేదు. జబ్బు చేసిన సంగతి చెప్పడంలో ఆలస్యమైతే మాత్రం ఆ ఆలస్యమైన రోజులకు కోత పెట్టవచ్చు. కాబట్టి ముందు మెసేజ్ పెట్టండి, కాగితం తర్వాత. ఆ మెసేజ్ ఉద్యోగే పెట్టాలని కూడా లేదు. భర్తో, గదిలో ఉండే స్నేహితురాలో చెప్పినా చెల్లుతుంది.

ప్రసూతి జీతాన్ని తేల్చేది కాన్పుకు మూడున్నర నెలల ముందటి ఒక వారం

మన పిల్లలు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. అందుకే తేదీలతో చెబుతాను.

డాక్టర్ చెప్పిన తేదీ 2026 అక్టోబర్ 14, బుధవారం అనుకుందాం. ఆ వారం ఆదివారం, అక్టోబర్ 11తో మొదలవుతుంది. అక్కణ్నించి పదిహేను వారాలు వెనక్కి లెక్కపెడితే జూన్ 28 ఆదివారం నుంచి జులై 4 శనివారం దాకా ఉన్న వారం వస్తుంది. అర్హతను తేల్చే వారం అదే. ఆ వారానికి అదే యజమాని దగ్గర 26 వారాలుగా ఉద్యోగంలో ఉండాలి. అంటే జనవరి 10లోపు చేరి ఉండాలి. వారం ఆలస్యంగా చేరినా ఈ యజమాని నుంచి ప్రసూతి జీతం రాదు. జీతం ఎప్పటినుంచి కావాలో కనీసం 28 రోజుల ముందు యజమానికి చెప్పాలి. మిడ్‌వైఫ్ ఇచ్చే ఎంఏటీబీ-1 పత్రం ఇవ్వాలి. ఈ ఉదాహరణలో ఆ పత్రం మే 24 కంటే ముందు రాదు. సెలవు జులై 26 కంటే ముందు మొదలుపెట్టే వీల్లేదు.

జీతం లెక్క కట్టడానికి, ఆ అర్హత వారం ముగిసేనాటికి అందిన చివరి ఎనిమిది వారాల సంపాదన తీసుకుంటారు. నెల జీతగాళ్లకు మామూలుగా రెండు పేస్లిప్పులు, ఇక్కడైతే మే, జూన్ నెలలవి. నెలకు 2,600 పౌండ్ల జీతం అయితే రెండు నెలలకూ కలిపి 5,200. దాన్ని ఆరుతో హెచ్చించి 52తో భాగిస్తే వారానికి సగటు 600 వస్తుంది. మొదటి ఆరు వారాలు అందులో 90 శాతం, అంటే వారానికి 540 పౌండ్లు ఇస్తారు. దీనికి గరిష్ఠ పరిమితి ఏమీ లేదు. ఆ తర్వాత 33 వారాలు 194 పౌండ్ల 32 పెన్స్ చొప్పున. మొత్తం 39 వారాలకు 9,652 పౌండ్ల 56 పెన్స్. సెలవు 52 వారాల దాకా తీసుకోవచ్చు గానీ చివరి 13 వారాలకు జీతం ఉండదు.

ఇప్పుడు ఆ రెండు పేస్లిప్పుల విలువ చూడండి. జూన్‌లో 1,300 పౌండ్ల బోనస్ పడిందనుకోండి. సగటు 750కి పెరిగి, మొదటి ఆరు వారాల్లోనే 810 పౌండ్లు ఎక్కువ వస్తాయి. అదే, పెన్షన్‌కో కారు పథకానికో నెలకు 260 పౌండ్లు సాలరీ శాక్రిఫైస్ కింద వదులుకుంటూ ఉంటే, సగటు 540కి దిగి 324 పౌండ్లు పోతాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు పన్ను మిగులుతుందని ఈ పథకాల్లో చేరుతుంటారు. ఆ రెండు నెలలకు దాన్ని తగ్గించుకునే వీలుందేమో ముందే కంపెనీని అడగడం మంచిది.

నన్ను బాగా బాధపెట్టే సంగతి మరొకటి ఉంది. వేవిళ్లు తీవ్రమై ఆ రెండు నెలల్లో ఒక నెలంతా మంచాన పడిన అమ్మాయికి, కంపెనీ చట్టం చెప్పిన సిక్ పే మాత్రమే ఇస్తే, ఆ నెల ఆదాయం 2,600 నుంచి దాదాపు 534 పౌండ్లకు పడిపోతుంది. ప్రసూతి జీతం లెక్కలోకి కూడా ఆ 534 పౌండ్లే వెళతాయి. దాంతో మొదటి ఆరు వారాల్లో దాదాపు 1,290 పౌండ్లు నష్టపోతుంది. కడుపుతో ఉన్నందువల్ల వచ్చిన జబ్బే కడుపుతో ఉన్నందుకు ఇచ్చే జీతాన్ని కోసేస్తోందన్నమాట. 2026 మార్పుల తర్వాత కూడా ఈ అన్యాయం అలాగే ఉంది. దీన్ని సరిచేయాలి.

ఒక మహిళా ఉద్యోగి మార్చిన లెక్క

మిషెల్ అలబాస్టర్ వుల్విచ్ అనే గృహరుణాల సంస్థలో పనిచేసేది. ప్రసూతి సెలవుకు వెళ్లే ముందు ఆమె జీతం పెరిగింది. ఆ పెంపు ఎనిమిది వారాల లెక్క అయిపోయాక వచ్చింది కాబట్టి ప్రసూతి జీతంలో కలపలేదు. ఆమె ఊరుకోలేదు. ఆ కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2004 మార్చిలో తీర్పు ఆమె వైపు వచ్చింది. అప్పటినుంచి, ఆ ఎనిమిది వారాలు మొదలైన రోజుకీ ప్రసూతి సెలవు ముగిసే రోజుకీ మధ్య ఎప్పుడు జీతం పెరిగినా, మొదటినుంచీ ఆ పెంపు ఉన్నట్టే లెక్క మళ్లీ కట్టి తేడా ఇవ్వాలి. పేరోల్ వాళ్లు మరిచిపోయే లెక్క ఇది. సెలవులో ఉండగా ఇంక్రిమెంట్ లెటర్ వస్తే వెంటనే అడగండి.

ఉద్యోగం పోయినా ఆగని జీతం

మిగతా అర్హతలున్నవాళ్లు అర్హత వారంలో ఉద్యోగంలో ఉంటే చాలు. ఆ తర్వాత కంపెనీ తీసేసినా, మీరే రాజీనామా చేసినా 39 వారాల జీతం ఆ పాత యజమానే ఇవ్వాలి. కంపెనీ దివాలా తీస్తే హెచ్ఎంఆర్‌సీ నేరుగా ఇస్తుంది. కాన్పు తర్వాత ఉద్యోగానికి తిరిగి వెళ్లకపోయినా చట్టం ప్రకారం వచ్చిన సొమ్ములో ఒక్క పెన్నీ వెనక్కి కట్టక్కర్లేదు. కంపెనీ తనంతట తాను పైన ఇచ్చిన అదనానికి మాత్రం ఒప్పందంలో షరతు ఉండొచ్చు.

సెలవులో ఉండగా పది రోజుల దాకా ఆఫీసుకు వెళ్లి పని చూసుకోవచ్చు, జీతానికి ఢోకా లేదు. అయితే గంటసేపు మీటింగ్‌కి వెళ్లినా ఒక రోజు ఖర్చయినట్టే. పదకొండో రోజు పనిచేస్తే ఆ వారం ప్రసూతి జీతం పోతుంది.

కాన్పుకు ముందు చివరి నాలుగు వారాల్లో గర్భానికి సంబంధించిన కారణంతో ఒక్కరోజు సెలవు పెట్టినా ప్రసూతి సెలవు మర్నాటి నుంచే మొదలైపోతుంది. మామూలు జలుబుకు ఈ నిబంధన వర్తించదు. అందుకే ఆ నెలలో సెలవు మెసేజ్‌లో కారణం స్పష్టంగా రాయాలి.

వీసాకు భయం లేదు

వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ వాడరాదు' అని రాసి ఉంటుంది. అది చూసి ప్రసూతి జీతం అడగడానికే జంకే దంపతులు ఉంటారు. సిక్ పే, ప్రసూతి జీతం, యజమాని నుంచి రాని వాళ్లకు ప్రభుత్వం నేరుగా ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్, ఈ మూడూ ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేవు. జబ్బు సెలవు వల్లో కాన్పు సెలవు వల్లో జీతం తగ్గిందని స్కిల్డ్ వర్కర్ వీసా పోదు. ఇది ఇంటి పెద్దలకు కూడా చెప్పండి. "వీసాకేమైనా అవుతుందేమోనే తల్లీ" అని ఇక్కణ్నించి ఫోన్‌లో భయపెట్టేది తరచుగా మనమే.

మన దగ్గర తిరగేసిన లెక్క

మన దేశంలో కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైంది. ఇందులో యజమాని పని జీతంలో 3.25 శాతం తన వాటాగా, 0.75 శాతం కార్మికుడి వాటాగా కట్టడం వరకే. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా సగటు వేతనంలో 70 శాతం, కాన్పుకు 26 వారాల పూర్తి వేతనం ఈఎస్ఐ సంస్థే కార్మికుల ఖాతాలో వేస్తుంది. తగినన్ని రోజులు వాటా కట్టి ఉండాలన్నదే షరతు. జబ్బు జీతం విషయంలో ఇది బ్రిటన్ పద్ధతి కంటే మేలైనదని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

అయితే ఈఎస్ఐ నెలకు 21,000 రూపాయల జీతం దాకానే. అది దాటిన ఉద్యోగినికి 26 వారాల జీతమంతా కంపెనీయే ఇవ్వాలి, ప్రభుత్వం నుంచి తిరిగొచ్చేది లేదు. 2017లో 12 వారాలను 26 చేసినప్పుడూ, 2025 నవంబర్ 21న కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినప్పుడూ ఇది మారలేదు. ఇంటర్వ్యూలో ఆడపిల్లను పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అడగడం వెనక ఈ లెక్క ఉంది. ప్రసూతి ఖర్చును ఒక్కో యజమాని నెత్తిన విడిగా పెట్టకూడదని, బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరంలోనే 183వ ఒడంబడికలో రాసింది. మనమూ ఆ దారి పట్టాల్సిందే.

'లేదు' అంటే రాసిమ్మనండి

బ్రిటన్‌లో యజమాని సిక్ పే ఇవ్వనంటే ఎస్ఎస్‌పీ-1, ప్రసూతి జీతం ఇవ్వనంటే ఎస్ఎంపీ-1 అనే ఫారం మీద కారణం రాసివ్వాలి. ప్రసూతి జీతం విషయంలో ఆ నిర్ణయం తీసుకున్న ఏడు రోజుల్లో ఇవ్వాలి. ఆ కాగితంతో మెటర్నిటీ అలవెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి అదే యజమాని దగ్గర పనిచేసి ఉండాలన్న నియమం లేదు. కాన్పు వారానికి ముందు 66 వారాల్లో ఎక్కడైనా 26 వారాలు పనిచేసి, అందులో 13 వారాలు కనీసం 30 పౌండ్ల చొప్పున సంపాదిస్తే చాలు. ఇద్దరు యజమానుల మధ్య ఉద్యోగం మారి ప్రసూతి జీతం చేజారినవాళ్లను ఆదుకునేది ఇదే. యజమాని చెప్పిన కారణం తప్పనిపిస్తే హెచ్ఎంఆర్‌సీలో ఈ తగాదాల కోసమే ఉన్న విభాగానికి ఫోన్ చేయొచ్చు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పిల్లలెవరైనా అక్కడ ఉండి శుభవార్త చెబితే, అభినందనలతో పాటు ఒక్క ప్రశ్న కూడా అడగండి: "పదిహేను వారాల ముందటి ఆ వారం ఎప్పుడొస్తుందో లెక్క చూసుకున్నావా అమ్మా?"